మూడో గది పేరు గురవయ్య

చెన్నకేశవులు, రాజ్యలక్ష్మి దంపతులకు తొలికాన్పులో మగపిల్లవాడు వీపు మీద తలుపుతో పుట్టాడు. తలుపు బెత్తెడు పొడవు, మూడు వేళ్ళ వెడల్పు. రెండు రెక్కల ఎముకల మధ్య నిటారుగా ఉంది. కింద సన్నటి గడప కూడా ఉంది. బయట గొళ్ళెం లేదు కాబట్టి లోపలివైపు ఉండి ఉంటుందని కాన్పు చేసిన నర్సు అంది. "మగపిల్లాడమ్మా. తలుపుతో సహా క్షేమం" అని చెప్పి, బిడ్డను తూచి, తలుపు బరువు తీసెయ్యకుండానే రాసుకుంది.

పల్నాడులో అదొక చిన్న పట్నం. ఆసుపత్రి కూడా చిన్నదే. పెద్ద డాక్టరు వచ్చి చూశాడు. పుట్టుకతో వచ్చే లోపాల్లో అరుదైనవి చాలా ఉన్నాయని చెప్పాడు. గుండె బయటికి ఉండి పుట్టినవాళ్ళున్నారు, కాలివేళ్ళన్నీ ఒకటిగా అతుక్కుని పుట్టినవాళ్ళున్నారు, తోకలాంటిదానితో పుట్టినవాళ్ళున్నారు. అవన్నీ చదువుకునే రోజుల్లో పుస్తకంలో చూశాడు. తలుపు ఆ తరువాత అచ్చయిన పుస్తకంలో వచ్చి ఉంటుంది, తన దగ్గర పాతది ఉంది. వేలితో తలుపు మీద రెండుసార్లు కొట్టి చెవి పెట్టి విన్నాడు. పిల్లవాడు నవ్వాడు.

"నొప్పయితే లేదు. పాలు తాగుతున్నాడుగా? తీసుకుపోండి. వడ్రంగం మా డిపార్టుమెంటు కాదు" అన్నాడు.

ఇంటికి వచ్చాక కారణం తేలింది. చెన్నకేశవులు తల్లి తిరుపతమ్మ తేల్చింది. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం వేళ కత్తిపీట ముట్టుకుంటే బిడ్డకు మొర్రి వస్తుందని అందరికీ తెలుసు. రాజ్యలక్ష్మి కత్తిపీట ముట్టుకోలేదు. లేచి వెళ్ళి తలుపు గొళ్ళెం పెట్టి వచ్చింది.

"కదలకుండా పడుకోవే అని చెప్తానే ఉండా. లేచి పొయ్యి గొళ్ళెం పెట్టొచ్చింది మహాతల్లి" అంది తిరుపతమ్మ.

"కుక్క లోపలికొస్తందని పెట్టానత్తా."

"వస్తే రానీయకపొయ్యావా? నాలుగు మెతుకులు తిని పొయ్యేది. ఇప్పుడు చూడు."

చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు కూడా అదే అన్నారు. మొర్రి అయితే కుట్టించుకునేవాళ్ళం, దీన్నేం చేస్తాం అని ఓదార్చారు. ఈ మాట బారసాల దాకా నడిచింది. పిల్లవాడికి తాత పేరు గురవయ్య అని పెట్టారు. ఆ మరుసటి శుక్రవారం తిరుపతమ్మ ఇంటి గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, లోపలికి వచ్చేసరికి రాజ్యలక్ష్మి బిడ్డను బోర్లా పడుకోబెట్టి నూనె రాస్తోంది. తిరుపతమ్మ చేతిలో పసుపు గిన్నె ఉంది. ఎదురుగా గడప బోసిగా ఉంది. ఆమె కాసేపు ఆగింది. ఆగలేకపోయింది. చిటికెన వేలితో పసుపు రాసి, మూడు బొట్లు పెట్టింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో శుక్రవారం రెండు గడపలు. గ్రహణం మాట మళ్ళీ రాలేదు.

చెన్నకేశవులు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల బస్తాలు మోస్తాడు. అతని తండ్రీ అదే పని చేశాడు. ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, కొడుకు వీపు వంక చాలాసేపు చూశాడు.

"వీడు బస్తా మొయ్యలేడే రాజ్యం. తలుపు విరిగిపోద్ది" అన్నాడు.

"అయితే చదువుకుంటాడు" అంది రాజ్యలక్ష్మి.

ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ చదువుకోలేదు. ఇప్పుడు వేరే దారి లేదు. ఆమె ఆ రోజు నుంచి ఆ ఒక్కపని మీదే ఉంది.

ముందుగా వికలాంగుల శిబిరానికి తీసుకుపోయింది. శాతం రాసిచ్చిన కాగితం ఉంటే బడిలో చోటు కచ్చితంగా ఇస్తారని ఎవరో చెప్పారు. శిబిరంలో డాక్టరు మంచివాడు. పిల్లవాడి చేతులు లాగి చూశాడు, కాళ్ళు ముడిచి చూశాడు, చెవి దగ్గర చిటిక వేశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"తక్కువున్నవాళ్ళకి శాతం వేస్తామమ్మా. మీవాడికి ఎక్కువుంది. ఎక్కువకి శాతం వెయ్యాలంటే పైనుంచి ఆర్డరు రావాలి."

"మరి వీడికేం రాస్తారయ్యా?"

"తలుపుందని మునిసిపాలిటీకి రాస్తాం."

రాశారు. మునిసిపాలిటీ నుంచి సాంబశివరావు అనే ఉద్యోగి టేపు, రేకు ముక్క, సుత్తి, మేకులు పట్టుకుని వచ్చాడు. తలుపున్నాక నంబరు ఉండాలి. నంబరు లేని తలుపు అక్రమ కట్టడం కిందికి వస్తుంది. మేకులు చూసి తిరుపతమ్మ చీపురు తీసింది.

"నా మనవడికి మేకులు కొడతావంట్రా, నీ చేతులిరగ! నీ ఈపుకి కొట్టుకో!"

సాంబశివరావుకు కోపం రాలేదు. ఏ ఇంటికి వెళ్ళినా అతనికి ఈ మాటలే. మేకులు జేబులో వేసుకుని రంగు, కుంచె తీశాడు. తల్లి ఇల్లు 6-41 కాబట్టి పిల్లవాడికి 6-41/1 అని వేశాడు. కుంచె తగిలి పిల్లవాడు కిలకిలా నవ్వుతుంటే ఒకటి అంకె కొంచెం వంకర పోయింది. తరువాత హద్దులు రాసుకున్నాడు. తూర్పున తల్లి ఒడి. పిల్లవాడు పాకుతూ పోయాడు. తూర్పు కొట్టేసి పడమర రాశాడు. మళ్ళీ పాకాడు. చివరికి 'ఇల్లు కదులుచున్నది' అని రాసి సరిపెట్టాడు. మరుగుదొడ్డి ఉందా అన్న దగ్గర ఆగి చూస్తుండగా పిల్లవాడు టేపు మీద పోశాడు. 'ప్రస్తుతానికి లేదు' అని రాసుకుని, టేపు విదిలించుకుని వెళ్ళాడు.

ఇబ్బందులేమీ రాలేదు. పోలియో చుక్కలు వేసే అమ్మాయిలు ముందు పిల్లవాడి నోట్లో చుక్కలు వేసి, వాణ్ణి వెనక్కి తిప్పి తలుపు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి పోయేవాళ్ళు. వాళ్ళకు అది సౌకర్యంగా ఉండేది. ఎన్నికలప్పుడు మాత్రం మూడు పార్టీలవాళ్ళూ తలుపు మీద స్టిక్కర్లు వేశారు. ఒకరి మీద ఒకరు వేశారు. రాజ్యలక్ష్మి కొబ్బరినూనె పెట్టి నానబెట్టి తీసింది. చొక్కాలకు వెనక తలుపు మేర కిటికీలాగా కత్తిరించి అంచు కుట్టేది. ఊపిరాడాలి కదా అనేది. ఎవరికి అని ఎవరూ అడగలేదు.

ఐదేళ్ళు నిండాక పిల్లవాణ్ణి వార్డు బడికి తీసుకుపోయింది. ఆ బడిలో ఐదు తరగతులు, రెండు గదులు. హెడ్మాస్టరు మస్తాన్‌వలీ. ఇంకొక టీచరమ్మ ఉంది గానీ ఆమెకు ఎప్పుడూ వేరే డ్యూటీ పడుతుంది. మస్తాన్‌వలీ పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి పేరు అడిగాడు.

"గురవయ్య" అన్నాడు పిల్లవాడు.

"గురవయ్య గారా! కూర్చోండి సార్" అని మాస్టారు పేరు కంప్యూటర్లో కొట్టాడు. కంప్యూటరు ఒప్పుకోలేదు. ఆ పేరు మీద ఇల్లు ఉందంది. ఇంటిని ఒకటో తరగతిలో చేర్చుకోవడం కుదరదంది. మాస్టారు మండలం ఆఫీసుకు ఫోన్ చేశాడు. వాళ్ళూ అదే చెప్పారు. నంబరు తీసేస్తే పిల్లవాడు అవుతాడు, అప్పుడు చేర్చుకోవచ్చు.

రాజ్యలక్ష్మి మునిసిపాలిటీకి వెళ్ళింది. నంబరు తీసెయ్యాలంటే తలుపు ఉండకూడదు. తలుపు తీసేసినట్టు ఫోటో కావాలి. ఆమె ఇంకా ఏమీ అడగకముందే దరఖాస్తు పెట్టుకున్నట్టు లెక్క వేసుకుని, మరునాడు గునపాలతో ఇద్దరు మనుషుల్ని పంపారు. వాళ్ళు మర్యాదస్తులు. చెప్పులు బయట విడిచి వచ్చారు. మంచినీళ్ళు అడిగి తాగారు.

"పిల్లోణ్ణి బోర్లా పండబెట్టమ్మా. చిన్న పనే" అన్నాడు పెద్దవాడు.

"తీస్తే బతుకుతాడా?"

పెద్దవాడు ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చాడు.

"మా పని తలుపు వరకేనమ్మా" అన్నాడు చిన్నవాడు.

గురవయ్య అప్పటికే చాప మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ఎవరు పడుకోమన్నా పడుకోవడం వాడికి అలవాటు. రాజ్యలక్ష్మి వాణ్ణి లేపి చంకనేసుకుంది.

"ఆ తలుపు వాడిది. తీసుకోబుద్దయితే వాడే తీసుకుంటాడు, లేకపోతే లేదు. మీరు పొండయ్యా."

వాళ్ళు పోట్లాడలేదు. 'ఇంటికి తాళం వేసి ఉన్నది' అని రాసుకుని, చెప్పులు వేసుకుని పోయారు.

అలా గురవయ్య ఇల్లుగానే మిగిలాడు. అయినా రాజ్యలక్ష్మి మానలేదు. మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతూ పోతూ రోజూ వాణ్ణి బడి వరండాలో కిటికీ కింద కూర్చోబెట్టి పోయేది. మస్తాన్‌వలీ వాణ్ణి చూసేవాడు, కానీ చూసినట్టు ఎక్కడా రాయలేదు. పాఠం చెప్పేటప్పుడు కిటికీ దగ్గరికి జరిగి చెప్పేవాడు. మధ్యాహ్నం అన్నం పిల్లలకే పెట్టాలి. వంటామె ఆలోచించి, మిగిలింది చుట్టుపక్కల ఇళ్ళకు పెట్టొచ్చని చెప్పి గిన్నెతో వరండాలోకి తెచ్చేది. గురవయ్య వర్షం వస్తే లోపలికి పోయేవాడు కాదు. కిటికీ కిందే గోడకు ముఖం ఆనించి నిలబడేవాడు. తలుపు తడిసి ఉబ్బేది. ఇంటికి వెళ్ళాక తిరుపతమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఆరబెట్టేది.

అప్పుడు కొత్త నిబంధన వచ్చింది. మూడు గదులు లేని బడిని తీసేసి హైవే అవతల ఉన్న బడిలో కలుపుతారు. మూడో గది అప్పటికి చాలా కాలం కిందటే మంజూరైంది. శంకుస్థాపన రాయి కూడా ఉంది. రాయి వరకు పూర్తయింది. తనిఖీకి గురువారం వస్తామని కబురు చేశారు. మస్తాన్‌వలీ ఆ సాయంత్రం బడి మెట్ల మీద ఒక్కడే కూర్చున్నాడు. రాజ్యలక్ష్మి కొడుకు కోసం వచ్చింది. చేతులకు మిరప ఘాటు అంటుకుని ఉండటంతో పిల్లవాణ్ణి మోచేతులతో ఎత్తుకుంది.

"ఏంది సార్, అట్టా కూర్చున్నారు?"

"బడి పోయేట్టుందమ్మా. హైవే దాటి పిల్లలు ఎట్టా పోతారు? లారీలు."

"ఎందుకు పోద్ది?"

"గది తక్కువైంది."

రాజ్యలక్ష్మి పిల్లవాణ్ణి కిందికి దించింది. కొడుకు వీపు చూసింది.

"గదంటే ఏముండాలి సార్?"

"తలుపుండాలి. నంబరుండాలి."

"మావాడికి రెండూ ఉన్నయ్యిగా. మీకు గది లేదు, నాకు బడి లేదు."

మస్తాన్‌వలీ ఆమె వంక చూశాడు, పిల్లవాడి వంక చూశాడు. లేచి లోపలికి వెళ్ళి నిబంధన మొత్తం మళ్ళీ చదివాడు. గది పిల్లవాడు అయి ఉండకూడదని ఎక్కడా లేదు.

గురువారం తనిఖీకి హైమావతి అనే అధికారి వచ్చింది. మొదటి గది చూసింది, రెండో గది చూసింది. మూడోది ఏదని అడిగింది. గురవయ్య వరండాలో వీపు చూపిస్తూ నిలబడి ఉన్నాడు. తల దువ్వి, చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. తలుపు తుడిచి ఉంది. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని నంబరు చదివి, ఫోన్లో చూసుకుంది. నంబరు ఉంది. వేలితో తలుపు కొట్టింది.

"ఎవరూ?" అన్నాడు గురవయ్య.

"విద్యాశాఖ."

"రండి. కూర్చోండి."

పిలిచాక కూర్చోకపోతే బాగుండదు కాబట్టి ఆమె పక్కనున్న బల్ల మీద కూర్చుంది.

"గదికి సున్నం వెయ్యలేదే?"

"పొద్దున్నే పౌడర్ వేసిందండి వాళ్ళమ్మ" అన్నాడు మస్తాన్‌వలీ.

"వెలుతురు వస్తుందా?"

"ఇప్పుడిప్పుడే వస్తోంది మేడం. గుణింతాల దాకా వచ్చింది."

"లోపల ఎంతమంది పిల్లలు పడతారు?"

"ప్రస్తుతానికి ఒక్కడే."

హైమావతి కలం మూత పెట్టి, మళ్ళీ తీసింది. ఆమె చూసే మండలంలో కప్పు ఉండి పిల్లలు లేని గదులున్నాయి. పిల్లలుండి కప్పు లేని గదులున్నాయి. కాగితం మీద తప్ప ఎక్కడా లేని గదులూ ఉన్నాయి. ఇది కనీసం కూర్చోమంది.

"బడి వదిలాక ఈ గది ఎక్కడికి పోతుంది?"

"ఇంటికి మేడం."

"రాత్రి కాపలా?"

"వాళ్ళ నాయనమ్మ. చీపురు దగ్గరుంటుంది."

ఆమె సంతకం పెట్టింది. బడి ఉంది. గురవయ్య ఆ రోజు మొదటిసారి గుమ్మం దాటి లోపలికి వెళ్ళి కూర్చున్నాడు.

గది అయ్యాక వాడికి గదికి రావలసినవన్నీ వచ్చాయి. బల్ల వచ్చింది, దాని మీద కూర్చున్నాడు. బోర్డు వచ్చింది, ముందర పెట్టుకుని రాశాడు. ఫ్యాను కూడా వచ్చింది, దాన్ని అందరూ వాడుకున్నారు. హాజరు పట్టీలో వాడి పేరు ఉండదు. జ్వరం వచ్చి రాకపోతే గది మరమ్మతులో ఉందని రాసేవారు. జలుబు చేస్తే గది కారుతోందని రాసేవారు. గదికి పై తరగతి ఉండదు కాబట్టి, ఏడాది తిరిగేసరికి మూడో గదిని ఒకటో తరగతి నుంచి రెండో తరగతికి కేటాయించారు. ఆ మరుసటి ఏడు మూడుకి. పరీక్షలు మూడో గదిలో జరిగాయి. గది వంద మార్కులకు ఎనభై తెచ్చుకుంది. గదికి మార్కులు వెయ్యడానికి గడి లేదు కాబట్టి మస్తాన్‌వలీ వాడి చెవిలో చెప్పాడు.

తోటి పిల్లలు ఊరుకునేవాళ్ళు కాదు.

"ఒరే గదీ, తాళం వెయ్యనా?" అనేవాడు ఒకడు.

"వెయ్యరా. నీ గోళీకాయలు లోపలే ఉన్నయ్" అనేవాడు గురవయ్య.

వాడు వెంటనే తన జేబు తడుముకునేవాడు. కొంతమంది రహస్యంగా తలుపుకు చెవి ఆనించేవాళ్ళు. ఏం వినిపించిందో ఎవరూ బయటికి చెప్పలేదు. విన్న పిల్లలు ఆ పూట అల్లరి చెయ్యరని మాత్రం వంటామె గమనించింది.

ఒకరోజు గురవయ్య నాన్నకు అన్నం క్యారేజీ ఇవ్వడానికి కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాడు. చెన్నకేశవులు వంగి బస్తా మోసుకొస్తున్నాడు. బస్తా మీద అక్షరాలున్నాయి. గురవయ్య తండ్రి వెనకాలే నడుస్తూ కూడబలుక్కుని చదివాడు.

"ఏమనుందిరా?" అన్నాడు చెన్నకేశవులు బస్తా కిందినుంచి.

"తలకిందులుగా పెట్టరాదు, అనుంది నాన్నా."

చెన్నకేశవులు బస్తా దించి, నడుము పట్టుకుని నవ్వాడు. "మీ తాత దగ్గర్నుంచీ తలకిందులుగానే పెడతన్నాం గదరా" అన్నాడు. పక్కనున్న హమాలీలందరికీ చెప్పాడు. అందరూ నవ్వారు. తరువాత బస్తా సరిచేసి పెట్టారు. ఆ రాత్రి చెన్నకేశవులు ఇంట్లో ఒక్క మాటే అన్నాడు. "రాజ్యం, వీడికి చదువొచ్చింది." రాజ్యలక్ష్మి అటు తిరిగి ముక్కు చీదుకుంది. చేతికున్న మిరప ఘాటు అంది.

గురవయ్య నాలుగో తరగతికి కేటాయించబడిన ఏడాది, దూరపు మండలం నుంచి ఎస్తేరమ్మ అనే ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని బడికి వచ్చింది. ఈ బడిలో చేర్చుకుంటారని బస్సులో ఎవరో చెప్పారట. పిల్ల పేరు రూతు. ఎడమ మోచేతి కింద చిన్న ఇత్తడి కుళాయితో పుట్టింది. పిల్ల ఆ చేతిని తల్లి పమిట కింద దాచుకుని, ఆమె వెనక నిలబడింది.

"నాలుగు బళ్ళు తిరిగాం సార్. కుళాయిని చేర్చుకోం, నీళ్ళ ఆఫీసుకి పొమ్మన్నారు. నీళ్ళ ఆఫీసోళ్ళు మీటరు బిగిస్తామన్నారు. పారిపోయొచ్చాం."

మస్తాన్‌వలీ గుమ్మం దగ్గరికి వచ్చి పిల్లను చూశాడు. వచ్చే నెలలో మంచినీటి తనిఖీ ఉంది. బడికి కుళాయి లేదు. కుళాయి లేని బడి ఉండదని కబురు వచ్చి ఉంది.

"నీళ్ళొస్తాయా అమ్మా?" అని అడిగాడు.

ఎస్తేరమ్మ తల వంచుకుంది.

"ఏడిస్తే వస్తయ్ సార్."

లోపల పిల్లలు ఎక్కం చెప్పడం ఆపి వింటున్నారు. మస్తాన్‌వలీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అక్కర్లేదమ్మా. బడికి కుళాయి ఉండాలని ఉంది. నీళ్ళు రావాలని ఎక్కడా లేదు. మా బడిలో పిల్ల ఏడవాల్సిన పని లేదు."

పిల్లను లోపలికి రమ్మన్నాడు. రూతు గుమ్మం దగ్గర ఆగి, బల్లలన్నీ నిండి ఉండటం చూసి, వెనక్కి తల్లి వైపు చూసింది. మస్తాన్‌వలీ తరగతి వైపు తిరిగాడు.

మూడో గది కొంచెం పక్కకు జరిగి కుళాయికి చోటిచ్చింది.